ఆమె దీపాలు ఎందుకు ఆర్పిందో అడిగారా?

ప్రశ్న

మాది పలాస దగ్గర చిన్న ఊరు. సైన్యంలో చేరి తొమ్మిదేళ్లయింది. పెళ్లయిన మూడేళ్లకు, గత డిసెంబరులో పాప పుట్టింది. పురుడు పుట్టింట్లోనే జరిగింది. పాపకు నాలుగో నెల వచ్చాక, ఏప్రిల్ మొదటి వారంలో, ఇద్దరినీ జమ్మూ తీసుకొచ్చి ఫ్యామిలీ క్వార్టర్‌లో కాపురం పెట్టాను. ఐదు వారాలు కూడా నిండకుండానే పాకిస్థాన్‌తో యుద్ధం వచ్చిపడింది. 2025 మే 8 రాత్రి నేను డ్యూటీలో ఉన్నాను. 9వ తేదీన ఢిల్లీకి ప్రత్యేక రైళ్లు వేశారని తెలిసి, పక్క క్వార్టర్‌లో ఉండే హర్యానా కుటుంబంతో కలిపి వాళ్లను పంపించేశాను. నేను స్టేషన్‌కు కూడా వెళ్లలేకపోయాను. 12న క్షేమంగా పలాస చేరారు.

ఇప్పటికి ఐదు నెలలైంది. ఇక్కడ పరిస్థితి చక్కబడింది. చాలా కుటుంబాలు తిరిగి వచ్చేశాయి. నా భార్య మాత్రం "ఇప్పుడే వద్దు" అంటోంది. ఎందుకో చెప్పదు. డ్యూటీ దిగి క్వార్టర్‌కు వస్తే పాప ఉయ్యాల కట్టిన కొక్కెం ఒక్కటే కనిపిస్తుంది. అన్నం సహించడం లేదు. వీడియో కాల్‌లో పాప నన్ను చూసి ఏడ్చి, తల్లి భుజంలో ముఖం దాచుకుంటోంది. తోటివాళ్లు "ఇంత బెంగ ఉన్నవాడివి ఫౌజులోకి ఎందుకు వచ్చావు" అని నవ్వుతున్నారు. కోడలు మా ఇంట్లో ఉండకుండా పుట్టింట్లోనే ఉంటోందని మా అమ్మ నిష్ఠూరాలాడుతోంది. వినాయక నిమజ్జనం రోజు ఊళ్లో టపాకాయలు కాలిస్తే నా భార్య పాపను ఎత్తుకుని ఇంట్లోకి పరుగెత్తి లైట్లన్నీ ఆర్పేసిందట. లైట్లు ఎందుకు ఆర్పిందో అత్తయ్యకు అర్థం కాలేదట. సొంత ఊళ్లో కూడా ఇంత భయమేమిటి? పోయిన వారం కోపం ఆపుకోలేక "నేనంటే నీకు లెక్క లేదు" అనేశాను. అప్పటి నుంచి ఫోను ఎత్తి పాపను చూపిస్తోంది తప్ప తను మాట్లాడడం లేదు. గట్టిగా చెప్పి రప్పించుకోవాలా? పాపకు నేను గుర్తుంటానా?

— ఒక జవాను

సమాధానం

బాబూ, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ జవాబు చెబుతాను. అంతకంటే ముందు, ఫిర్యాదుల మధ్య మీరు రాసి వదిలేసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. టపాకాయలు పేలితే ఆమె లైట్లు ఆర్పింది. ఎందుకు ఆర్పిందో మీ అత్తగారికి అర్థం కాలేదు. ఆమెకు అర్థం కాకపోవడంలో వింత లేదు. పలాస దగ్గర పల్లెలో పేలుడు వినగానే దీపం ఆర్పవలసిన రాత్రి ఆవిడ జీవితంలో వచ్చి ఉండదు. కానీ మీకు అర్థం కావాలి కదా?

మే 8 రాత్రి జమ్మూలో ఏం జరిగిందో నాకంటే మీకే బాగా తెలుసు. సైరన్లు మోగాయి. నగరమంతా చీకటి చేశారు. డ్రోన్లు వచ్చాయి, వాటిని ఆకాశంలోనే పేల్చేశారు. ఆ చీకటి దేనికో సైనికుడైన మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కింద వెలుతురు కనిపిస్తే పైనుంచి వచ్చేదానికి గురి దొరుకుతుంది. మీ భార్యకు ఆ రాత్రి నేర్పిన పాఠం కూడా అదే. చప్పుడు వినిపిస్తే బిడ్డను ఎత్తుకో, లోపలికి పరుగెత్తు, దీపం ఆర్పు. నిమజ్జనం రోజున ఆమె ఆ మూడు పనులూ అదే వరసలో చేసింది. ఊరు మారిందని మనసుకు తెలుసు. చేతులకు ఇంకా తెలియలేదు.

అందువల్ల ఆమె "ఇప్పుడే వద్దు" అన్నదాన్ని మీ మీద ప్రేమ తగ్గిందనో, పుట్టింటి సుఖానికి అలవాటు పడిందనో లెక్క కట్టకండి. భయపడిన మనిషి భయపడిన చోటికి వెంటనే వెళ్లలేదు. అక్కడే భర్త ఉన్నాడు కాబట్టి ఆ మాట పైకి చెప్పనూ లేదు. "నీ దగ్గరికి రావాలంటే నాకు భయం" అని ఒక జవానుకు భార్య ఏ నోటితో చెబుతుంది?

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న ఇంకో మాట "క్షేమంగా". తొమ్మిదో తేదీ నుంచి పన్నెండో తేదీ వరకు ఆమె గడిపిన రోజులన్నిటికీ మీరు రాసింది ఆ ఒక్క మాటే. మీరు స్టేషన్‌కు వెళ్లలేకపోయిన బాధ మీ ఉత్తరంలో ఉంది, అది నాకు కనిపించింది. కొక్కెం గురించి రాశారు. తోటివాళ్ల నవ్వు గురించి రాశారు. ఐదు నెలల పసిబిడ్డతో, హిందీ అంతంత మాత్రంగా వచ్చిన ఒక పిల్ల జమ్మూ నుంచి పలాస దాకా రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ఎలా వచ్చిందన్నది మాత్రం లేదు. మీకు తెలియక రాయలేదని నా అనుమానం. తెలియకపోవడానికి కారణం మీరు అడగకపోవడం.

నేను ఊహించి చెబుతున్నాను, తప్పయితే దిద్దుకోండి. హర్యానా వాళ్లు ఢిల్లీ రాకముందే దిగిపోయి ఉంటారు, లేదా ఢిల్లీ దాకా తోడుండి వెళ్లిపోయి ఉంటారు. ఆ తరువాత ఆమె ఒంటరిది. విశాఖ వైపు రైలు కోసం ఢిల్లీలో ఎంతసేపు కూర్చుందో, రిజర్వేషన్ దొరికిందో లేదో, పాపను ఎవరి చేతిలో పెట్టి బాత్‌రూముకు వెళ్లిందో మీకు తెలుసా? మే నెల ఢిల్లీ ఎండలో బిడ్డకు గుడ్డలు ఎక్కడ మార్చింది? అంతమంది మధ్య పాలు ఎలా ఇచ్చింది? ఆ రోజుల్లో కొన్ని టీవీ చానెళ్లు జరగనివి కూడా జరిగినట్టు చెప్పాయి. స్టేషన్‌లో పక్కనున్నవాళ్ల ఫోన్లలో అవే మోగుతూ ఉంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే మన శ్రీ సత్యసాయి జిల్లా కళ్లితండాకు చెందిన జవాను మురళీ నాయక్ నియంత్రణ రేఖ దగ్గర ప్రాణాలు కోల్పోయిన వార్త వచ్చింది. తెలుగువాళ్ల ఫోన్లన్నిటిలో ఆ పిల్లవాడి ముఖమే. భర్తను జమ్మూలో వదిలి వస్తున్న ఆమె ఆ ఫొటోను ఎలా చూసి ఉంటుందో ఆలోచించండి.

పదో తేదీ సాయంత్రం 5 గంటల నుంచి కాల్పుల విరమణ అన్నారు. ఆ రాత్రే మళ్లీ జమ్మూలోనూ శ్రీనగర్‌లోనూ పేలుళ్లు వినిపించాయి. అంటే యుద్ధం ఆగిందని చెప్పిన గంటల్లోనే ఆ మాట నిలవలేదు. ఆమె అప్పుడు రైల్లో ఉండి ఉంటుంది, సిగ్నల్ వచ్చీ రాక. ఇప్పుడు మీరు "పరిస్థితి చక్కబడింది" అంటే ఆమెకు నమ్మకం ఎందుకు కుదరడం లేదో దీన్నిబట్టి చూడండి.

కాబట్టి గట్టిగా చెప్పి రప్పించుకోవద్దు. ఎప్పుడు వస్తావని అడగడం కూడా కొన్నాళ్లు మానేయండి. ఆ ప్రశ్న ఆమెకు ఐదు నెలలుగా అలవాటైపోయింది, దానికి జవాబు కూడా అలవాటైపోయింది. ఇంతవరకు అడగనిది అడగండి: ఆ మూడు నాలుగు రోజులు ఎలా గడిచాయి?

ఇది ఫోనులో అడిగే ప్రశ్న కాదు. పుట్టింట్లో ఫోను మోగితే చుట్టూ నలుగురు ఉంటారు, చేతిలో పాప ఉంటుంది, స్పీకర్ పెట్టి ఉంటుంది. ఉత్తరం రాయండి. మీకు సైనిక తపాలా ఉంది. 56 ఏపీవో, 99 ఏపీవో అనే ఆ చిరునామాల మీద తరతరాల జవాన్ల కాపురాలు నడిచాయి. ఒక కాగితం తీసుకుని, మొదటి వాక్యంలోనే, నేనంటే నీకు లెక్క లేదన్నందుకు తప్పు ఒప్పుకోండి. "కోపంలో అన్నాను కానీ" అని రాయకండి. ఆ "కానీ" వచ్చిందంటే క్షమాపణ సగానికి సగం పోతుంది. తప్పుగా అన్నాను అని రాసి చుక్క పెట్టండి.

ఆ తరువాత అడగండి. పెద్ద ప్రశ్నలు వద్దు. "చాలా భయపడ్డావా" అంటే "లేదు" అనే జవాబు వస్తుంది. చిన్నవి అడగండి. ఆ రాత్రి క్వార్టర్‌లో పాపను పట్టుకుని ఏ గదిలో కూర్చున్నావు? పాప ఏడ్చిందా, నిద్రపోయిందా? ఢిల్లీలో ఏం తిన్నావు? సామాను ఎవరు మోశారు? రైల్లో నీ పక్కన ఎవరున్నారు? చిన్న ప్రశ్నకు నిజం సులువుగా వస్తుంది. ఒకటి చెప్పడం మొదలుపెడితే మిగిలినవి వాటంతటవే వస్తాయి. అది ఒక్క ఉత్తరంతో అయ్యే పని కాకపోవచ్చు.

మీ సంగతి కూడా రాయండి. ఆ రోజుల్లో ఆమె ఫోను చేస్తే మీరు "ఇక్కడేమీ లేదు, నేను బాగున్నాను" అనే ఉంటారు. "మేమూ బాగున్నాం" అని ఆమె అనే ఉంటుంది. ఒకరి కోసం ఒకరు చెప్పుకున్న అబద్ధాలు అవి, వాటిని తప్పు పట్టను. అయితే వాటిని విప్పుకోకుండా ఐదు నెలలు మోయడం వల్లే ఈ మౌనం వచ్చింది. యూనిట్ సంగతులు, డ్యూటీ సంగతులు మీరు రాయకూడదు, రాయకండి. నాకు రాసిన ఉత్తరంలో కూడా అవేవీ రాయలేదు, మంచి పని చేశారు. కానీ పంపించేసిన రోజు క్వార్టర్ తలుపు తీసినప్పుడు ఏం కనిపించింది, ఆరేసిన పాప గుడ్డలు ఇంకా తీగ మీదే ఉన్నాయా, వాటిని ఎవరు తీశారు, ఎక్కడ పెట్టారు? ఇవి సైనిక రహస్యాలు కావు. నాకు రాసిన కొక్కెం సంగతి ఆమెకు రాశారా? రాయలేదనే అనుకుంటున్నాను. మీ బెంగ ఆమెకు కోపంగా చేరుతోంది. దాన్ని బెంగగానే చేర్చండి.

తోటివాళ్ల నవ్వు గురించి ఎక్కువ చెప్పను. వాళ్లలో చాలామందికి రాత్రిపూట ఫోనులో ఫొటోలు చూసుకునే అలవాటు ఉంటుంది. బిడ్డ మీద బెంగ పెట్టుకున్నందుకు మీరు ఎవరి ముందూ తలదించుకోనక్కర్లేదు.

ఇక పాప. ఆ పిల్ల మిమ్మల్ని చూసి ఏడవడం మీకు ఎక్కడ గుచ్చుకుంటుందో నాకు తెలుసు. అయితే పాపకు ఇప్పుడు పదో నెల. ఏడెనిమిది నెలలు దాటిన పిల్లలు రోజూ కళ్ల ముందు ఉండేవాళ్లను, కొత్తవాళ్లను వేరుచేసి చూడడం నేర్చుకుంటారు. అంతకుముందు అందరి చేతుల్లోకీ వెళ్లిన పిల్ల కూడా ఆ వయసులో తల్లిని వదలదు. పక్కింటి తాతగారు పలకరిస్తే ఏడుస్తుంది. అది బుద్ధి ఎదుగుతున్న గుర్తు. మీ మీద అయిష్టం అనుకోకండి. రెండేళ్లలోపు పిల్లలకు తెర చూపించవద్దని చెప్పే పిల్లల డాక్టర్లు కూడా దూరంగా ఉన్న సొంత మనుషులతో వీడియో కాల్ మాత్రం ఫరవాలేదంటారు. కాబట్టి మానకండి. తీరు మార్చండి. పాప కడుపు నిండి, నిద్ర తీరిన వేళ చూసి రోజూ ఒకే సమయానికి చేయండి. "నాన్న ఏడీ, నన్ను చూడు, ఇటు చూడు" అని వెంటపడకండి. మొదట మీ భార్యతో మాట్లాడండి. తల్లి ఎవరితో నవ్వుతూ మాట్లాడుతుందో వాళ్లను పిల్ల తనంతట తానే నమ్ముతుంది. చేతి గుడ్డతో ముఖం కప్పుకుని తీసి దోబూచులాడండి, ఆ వయసు పిల్లలకు దానికి మించిన ఆట లేదు. రెండు మూడు నిమిషాలు చాలు. ఇంకో పని, మీ గొంతుతో ఒక జోలపాట రికార్డు చేసి పంపించండి. గొంతు బాగాలేకపోయినా సరే, రోజూ పడుకోబెట్టేటప్పుడు అదే వినిపించమనండి.

మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెబుతాను. మా తాతయ్య బర్మాలోని రంగూన్‌లో బియ్యం మిల్లులో పనిచేసేవారు. మీ జిల్లా నుంచి అప్పట్లో వేలమంది అలాగే వెళ్లారు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. తాతయ్య అమ్మమ్మనూ ఏడాది నిండని మా అమ్మనూ కష్టం మీద ఓడ ఎక్కించారు. వాళ్లు కలకత్తాలో దిగి, రైల్లో చికాకోల్ రోడ్ స్టేషన్‌కు వచ్చారు. ఇప్పటి శ్రీకాకుళం రోడ్ స్టేషనే అది. తాతయ్యకు ఓడ దొరకలేదు. లక్షలమందితో కలిసి అరకాను కొండల మీదుగా నడిచి, ఎక్కడెక్కడో ఆగి, వానాకాలంలో ఇల్లు చేరారు. గడ్డం పెరిగి, ఎముకలు తేలిన ఆ మనిషిని చూసి మా అమ్మ గుక్కపట్టి ఏడ్చిందట.

తాతయ్య ఆమెను ఎత్తుకోబోలేదు. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే అరుగు చివర కూర్చుని గోగునార తాడు పేనేవారట. పిల్ల వైపు చూసేవారు కాదు. పిల్ల గడప లోపల నిలబడి చూసేది. కొన్నాళ్లకు గడప దాటింది. ఒకరోజు నేల మీద పాకుతున్న తాడు కొసను పట్టుకుంది. ఆయన ఇటు నుంచి కొంచెం లాగారు. ఆమె అటు నుంచి లాగింది. అలా రెండు మూడు రోజులు తాడు తప్ప మాట లేదు. ఆ తరువాత ఒక సాయంత్రం తాడు పట్టుకునే వచ్చి ఆయన మోకాలి మీద కూర్చుందని అమ్మమ్మ చెప్పేది.

మీరు ఇంటికి వెళ్లినప్పుడు పాప ఏడిస్తే ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి. గుమ్మంలోనే చేతులు చాచకండి. నేల మీద కూర్చోండి, పాప మీ భార్య ఒడిలోనే ఉండనీయండి. ఒక గిన్నె, ఒక గరిటె పట్టుకుని మీ పాటికి మీరు చప్పుడు చేసుకుంటూ ఉండండి. "నాన్న దగ్గరికి వెళ్లు" అని చుట్టాలు పిల్లను మీ చేతుల్లోకి తోస్తారు. వాళ్లను మీరే ఆపాలి.

వెళ్లినప్పుడు అన్నాను. వెళ్లాలి. సెలవు ఎంత మిగిలిందో లెక్క చూసుకుని, మీ సుబేదార్ సాబ్‌కు ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పి అడగండి. పెళ్లిళ్లూ పొలం పనులే సెలవుకు కారణాలని అనుకోవద్దు. సెలవు దొరికినప్పుడు మొదటి వారం తిరుగు ప్రయాణం మాటే ఎత్తకండి. ఆమె రావడానికి ఒప్పుకుంటే మీతో పాటే తీసుకురండి. "టికెట్ చేయిస్తాను, తమ్ముడిని తోడు తీసుకుని వచ్చేయి" అని మాత్రం అనకండి. బిడ్డను పట్టుకుని ఆమె ఒంటరిగా వచ్చిన దారి అది. రెండోసారి ఆ దారిలో పక్కన మీరు ఉండాలి. ఒప్పుకోకపోతే, పాపకు నడక వచ్చేదాకా ఆగుదామని మీరే అనండి.

వచ్చే ముందు ఇద్దరూ కూర్చుని మళ్లీ సైరన్ మోగితే ఏం చేయాలో మాట్లాడుకోండి. ఆ మాట ఎత్తితే ఆమె ఇంకా భయపడుతుందని మీకు అనిపించవచ్చు. ఏం చేయాలో తెలియని భయమే పెద్దది. మీరు డ్యూటీలో ఉంటే ఏ క్వార్టర్‌కు వెళ్లాలి, ఎవరికి ఫోను చేయాలి? డిపెండెంట్ కార్డు, పాప టీకాల కార్డు, బ్యాంకు కార్డు ఏ సంచిలో ఉంటాయి? ఊరు రావలసి వస్తే ఢిల్లీలో ఎవరు ఎదురు వస్తారు? మేలో సరిహద్దు రాష్ట్రాల నుంచి వచ్చిన మన విద్యార్థులకు ఢిల్లీలో ఆంధ్రా భవన్‌లోనూ తెలంగాణ భవన్‌లోనూ చోటిచ్చారు. ఆ ఫోను నంబర్లు ఆమె దగ్గర రాసి ఉండాలి. పక్క క్వార్టర్ల ఆడవాళ్లతో పలకరింపుకు సరిపడే హిందీ నేర్చుకోమనండి. మీరే నేర్పండి.

మీ అమ్మగారి మాటకు జవాబు చెప్పవలసింది మీ భార్య కాదు, మీరు. "అమ్మా, అది భయపడి వచ్చింది, కొన్నాళ్లు వాళ్లమ్మ దగ్గర ఉండనీ, నేను సెలవుకు వచ్చి మనింటికి తీసుకొస్తాను" అని మీ నోటితో చెప్పండి. కొడుకు చెబితే సర్దుకునే మాట కోడలు చెబితే గొడవ అవుతుంది.

ఒకటి మాత్రం వాయిదా వేయకండి. పాప నిద్రపోతున్నా ఆమె నిద్రపోవడం లేదని, ఊరికే ఏడుస్తోందని, ఎవరితోనూ కలవడం లేదని అత్తగారు చెబితే డాక్టరుకు చూపించాలి. పురుడైన ఏడాదిలో కొందరు ఆడవాళ్ల మనసు మామూలుగానే బరువుగా ఉంటుంది, దాని మీద ఈ భయం ఒకటి. టెలి మానస్ అని ప్రభుత్వ ఉచిత ఫోను సేవ ఉంది. నంబరు 14416, తెలుగులోనే మాట్లాడవచ్చు. అన్నం సహించడం లేదన్నారు కాబట్టి మీరు కూడా ఆ నంబరుకు చేయవచ్చు. సైనికులకూ వాళ్ల కుటుంబాలకూ పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో దీనికి ప్రత్యేక విభాగమే పెట్టారు.

ఈ నెల 20న దీపావళి. మీ ఉత్తరం చదివినప్పటి నుంచి నా ఆలోచన ఆ రాత్రి మీదే ఉంది. నిమజ్జనానికి కాల్చినవి నాలుగు టపాకాయలైతే ఆ రోజు ఊరంతా కాలుస్తుంది. వీలైతే డ్యూటీ సర్దుబాటు చేయించుకోండి. పొద్దు వాలకముందే ఫోను చేయండి. కాసేపట్లో చప్పుళ్లు మొదలవుతాయని, అవి ఏమిటో, ఎవరి పిల్లలు కాలుస్తున్నారో ముందే మాట్లాడుకోండి. ఇంట్లో ఎవరో ఒకరు ఆమె పక్కనే ఉండాలని అత్తగారికి చెప్పండి. మొదటి చప్పుడు వచ్చేసరికి మీరు లైనులో ఉండండి. అయినా ఆమె లేచి లైట్లు ఆర్పేస్తే ఆర్పనీయండి. ఎందుకని అడగకండి. ఫోను మాత్రం పెట్టేయకండి.